ఆరు నేయ్

చిన్నాన్న పోయినాడు. మంగళవారం పొద్దున్న ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో అతని ఇంట్లో, మంచం మీదే, ఊపిరందక పోయినాడు. నేను చర్చి మనిషిని, పైగా ఆడదాన్ని, శ్మశానానికి రాకూడదన్నారు. ఎవడాపుతాడో చూద్దామనే వెళ్ళినాను. ఎవడూ ఆపలేదు. అక్కడ చితి అంటుకుంటుంటే వెనకాల ఇద్దరు ముసలాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "పాపం, ఒక్క మాట తప్పొచ్చి మనిషి కుమిలిపోనాడ్రా" అన్నాడొకడు. రెండోవాడు చిన్నాన్న బెంగాలీని వెక్కిరించి నవ్వినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పు తీద్దామనుకున్నాను గానీ, ఆ కథ అందరికీ అలా చెప్పిందే చిన్నాన్న. వాళ్ళననడానికేముంది?

సొంత చిన్నాన్న కాదు. రైల్వే వర్క్‌షాపులో మా నాన్నతో పనిచేసినాడు, టూల్‌రూమ్ ఫిట్టర్. రిటైరయ్యాక గోల్‌బజార్ సందులో ఒక పాత తుపాకుల రిపేరు షాపులో కూర్చున్నాడు. సర్కారు లైసెన్సున్న షాపే. యజమాని ముసలి బెంగాలీ, మేం దాదా అనేవాళ్ళం. అక్కడ కౌంటర్‌లో నేనుండేదాన్ని. వచ్చినవాడి లైసెన్సు చూడడం, తుపాకీ నంబరు పుస్తకంలో రాసుకోవడం, చీటీ ఇవ్వడం నా పని. నా వెనకాల ఇనప జాలీ, జాలీ వెనకాల బల్ల, బల్ల దగ్గర చిన్నాన్న. నాకు నలభై దాటినా అతనికి నేను గుంటనే. "ఓలే గుంటా, టీ వచ్చినాదేటి?" అని జాలీలోంచి అరిచేవాడు.

తుపాకీ చేతికిస్తే ముందు వాసన చూసేవాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇది గోడౌన్‌లో పడుకున్నాది" అనేవాడు. "దీన్ని ఆవనూనెతో తుడిసినారు, ఎదవలు" అనేవాడు. ఆవనూనె వాసన తగిలితే మాత్రం ఆ రోజు షాపులో ఎవరికీ శాంతి ఉండేది కాదు. "సేపలేపుడికి పోసే నూనె తుపాకీకి పోస్తారేటయ్యా? ఎండిపోయి బంకైపోతాది కదా! మీ ఇంట్లో కుట్టుమిషనుకీ ఇదే పోస్తారా?" అని తెలుగులో తిట్టేవాడు. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నన్ను అనువదించమనేవాడు. నేను సగం మింగేసి చెప్పేదాన్ని.

ఇనుముతో ఎంత నెమ్మదో మనుషులతో అంత మొరటు. చెయ్యి ఊరుకునేది కాదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో కాపలా ఉండే ఒక ఆరడుగుల సెక్యూరిటీ మనిషి, ఒకసారి తన తుపాకీ చంకలోంచి తీస్తూ దాని మూతి నా మొహం మీదుగా తిప్పినాడు. అంతే, చిన్నాన్న జాలీ తలుపు తన్నుకుని బయటికొచ్చి, స్టూలెక్కి మరీ వాడి చెంప పగలగొట్టినాడు. "మూతి గోడకి! షాపులోకొస్తే మూతి గోడకి!" అని అరిచినాడు. వెనక గోడకి ఇసుక నింపిన పెద్ద డబ్బా ఆనించి ఉండేది. ఏ తుపాకీ అయినా దానికేసే తిరిగి ఉండాలి. ఆ మనిషి చెంప తడుముకుంటూ, ఏ భాషలో తిట్టాలో తెలీక, సలాం కొట్టి పోయినాడు.

ఇంక అతని బెంగాలీ. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాడు, గడగడా మాట్లాడేస్తాడు. ఒక్క అంకెలు మాత్రం తెలుగులోనే వచ్చేవి. "ఎక్కాలు తెలుగులో దెబ్బలు తిని నేర్సుకున్నాను. మరో భాషలో ఎలగొస్తాయి?" అనేవాడు. బెంగాలీలో 'ఆర్' అంటే 'ఇంకా' అని. 'ఆర్ ఆఛే?' అంటే ఇంకా ఉందా అని, 'ఆర్ నేయ్' అంటే ఇంక లేదని. ఇది ఖరగ్‌పూర్‌లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. చిన్నాన్నకీ తెలుసు. కానీ పనిలో తల దూర్చినాడంటే అతని చెవి తెలుగైపోయేది. టీ అబ్బాయి వచ్చి "ఆర్ దేబో?" అంటే, ఇంకా పొయ్యనా అని వాడి ఉద్దేశం, ఇతను ఆకురాయి ఆపకుండానే "ఆరేటిరా, ఒకటి సాలు!" అనేవాడు. నేను నవ్వి నవ్వి చచ్చేదాన్ని.

షాపుకి పాతకాలం రివాల్వర్లు కొన్ని వచ్చేవి. వాటికి పైనున్న గుర్రాన్ని ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగాలి, అప్పుడు లోపలి చక్రం ఒక గది తిరుగుతుంది, ఆ తర్వాతే మీట నొక్కితే పేలేది. చక్రానికి ఆరు గదులు. గుర్రం కింద ఉన్న గదిలో తూటా ఉంటే, చెయ్యి జారి కింద పడినా పేలుతుంది. అందుకని అయిదే పెట్టాలి, గుర్రం కిందది ఖాళీగా ఉంచాలి. చిన్నాన్నకిది వేదవాక్కు. అలాంటి రివాల్వర్ పట్టుకుని ఎవరొచ్చినా అడిగేది ఒకటే: "ఆరు ఆఛే?" వాళ్ళు చెప్పాల్సిన జవాబూ ఒకటే: "ఆరు నేయ్." అంకె తెలుగు, మిగతాది బెంగాలీ. మిలిటరీలో పెద్ద ఉద్యోగం చేసిన ఒక బెంగాలీ పెద్దాయన కూడా గుమ్మంలోంచే నవ్వుతూ "ఆరు నేయ్, ఆరు నేయ్" అని అరిచి లోపలికొచ్చేవాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన మా పిన్ని ఇది విని, ఇక్కడ నెయ్యి కూడా రిపేరు చేస్తారేటే అన్నాది.

ఏడేళ్ళ కిందట, ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. దాదా భోజనానికి ఇంటికెళ్ళినాడు, తిని పడుకుని మూడింటికి గానీ రాడు. గళ్ళచొక్కా వేసుకున్న ఒక కుర్రాడు లోపలికొచ్చి షట్టర్ కిందికి లాగేసినాడు. నడుం దగ్గర్నించి రివాల్వర్ తీసి కౌంటర్ మీద పెట్టినాడు. "ఘోడా ఆట్కే గేఛే" అన్నాడు. గుర్రం ఇరుక్కుపోయిందని. నేను అలవాటుకొద్దీ లైసెన్సు అడిగినాను. చెయ్యి తిరగేసి కొట్టినాడు నన్ను. కింది పెదవి చీలి రక్తం పుస్తకం మీద పడింది. మా ఇద్దరి ఫోన్లూ తీసి నీళ్ళ బకెట్‌లో పడేసినాడు.

చిన్నాన్న జాలీ తలుపు తోసుకుని లేచినాడు. నా పెదవి చూసినాడు. ఆరడుగుల వాణ్ణి కొట్టిన మనిషి కదా, చెయ్యెత్తినాడు. వాడు కౌంటర్ మీది రివాల్వర్ అందుకుని పిడితో అతని ముక్కు మీద కొట్టినాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. చిన్నాన్న బల్ల దగ్గర కూలబడినాడు. "ఠీక్ కరో" అన్నాడు వాడు, బాగు చెయ్యమని.

తర్వాత తన ఫోన్ తీసి ఎవరితోనో గొప్పలు మొదలెట్టినాడు. పొద్దున్న వాడి వీపు వెనకే నిలబడ్డాను, గుర్రం కదల్లేదు, అదృష్టం ఆ తెలుగు కాంటా బాబుది, ఏం ఫరవాలేదు, రెండింటికి షిఫ్ట్ దిగుతాడు, గేటు దగ్గరే పని కానిచ్చేస్తాను. ఇదీ వాడి మాట. ఇండస్ట్రియల్ పార్కులో ఇనుము ఫ్యాక్టరీ ఒకటుంది, దాని లారీల కాంటా దగ్గర తెలుగువాడు ఒక్కడే ఉన్నాడు. మా తమ్ముడు. దొంగ తుక్కు లారీలకి తప్పుడు తూకం చీటీ రాయనన్నాడు, నెల్లాళ్ళుగా బెదిరింపులు వస్తున్నాయి. మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను.

"చిన్నాన్నా, అది మా తమ్ముడు. దాన్ని బాగు చెయ్యకు" అన్నాను తెలుగులో.

అతను తలెత్తలేదు. ముక్కులోంచి రక్తం గడ్డం మీదికి కారుతోంది. "ఎరికే. ఏడవకు. రెండు దాటించాల, అంతే. షిఫ్ట్ బస్సు ఎల్లిపోతాది" అన్నాడు.

గోడ గడియారంలో ఒంటిగంటకి పది నిమిషాలుంది.

రివాల్వర్ మూతి ఇసుక డబ్బాకేసి తిప్పి పట్టుకున్నాడు. గుర్రం లాగి చూసినాడు, రాలేదు. చక్రం తిప్పి చూసినాడు, కదల్లేదు. చిన్న టార్చి పట్టి చక్రానికీ గొట్టానికీ మధ్య సందులోకి తొంగి చూసినాడు. ఒక తూటా ముక్కు దాని డొప్పలోంచి ముందుకి జారి, చక్రం బయటికి పొడుచుకొచ్చి, ఇనుముకి అడ్డం పడింది. అందుకే చక్రం తిరగడం లేదు, చక్రం తిరక్కపోతే గుర్రం రాదు. అతనికి చూడగానే తెలిసిపోయింది. పదకొండేళ్ళు అతని వీపు చూసినదాన్ని, అతనికి తెలిసిందని నాకూ తెలిసిపోయింది. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల పనిని సాగదీసినాడు చిన్నాన్న. ముందు పిడి చెక్కల స్క్రూలు విప్పినాడు. వాటిని కిరసనాయిల్లో కడిగినాడు. ఆరబెట్టినాడు. విరిగిన ముక్కుతోనే వాసన చూసి, "ఆవనూనె! దొంగ ముండాకొడుకులు కూడా ఆవనూనే!" అని తిట్టినాడు. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. వాడికి అనుమానం వచ్చింది. స్పానర్ తీసి భుజం మీద ఒకటి వేసినాడు. చిన్నాన్న ఇంకో స్క్రూ విప్పినాడు. ఇంకోటి వేసినాడు. చిన్నాన్న ఇంకో స్క్రూ. అప్పుడు వాడు అతని ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుని, బల్లకున్న ఇనుము బిగించే వైస్‌లో పెట్టి పిడి తిప్పినాడు.

చిన్నాన్న అరిచిన అరుపు సందులో ఎవరికీ వినపడలేదంటే నేను నమ్మను. గోల్‌బజార్ అది, జనం తోసుకుంటూ నడిచే చోటు. విన్నారు. షట్టర్ దించి ఉంది కదా అని పోయినారు.

వేలు బయటికి తీసేసరికి అది వేలులా లేదు. దానికి గుడ్డపీలిక చుట్టుకుని పనిలోకి దిగినాడు. ఇంక సాగదియ్యలేదు. చక్రం మధ్యనుండే ఇరుసు లాగి, చక్రాన్ని బయటికి తీసి, ముక్కు జారిన ఆ ఒక్క తూటానీ చెక్కపుల్లతో నెట్టి తీసి పళ్ళెంలో పెట్టినాడు. మిగతా అయిదూ లోపలే ఉన్నాయి. చక్రం మళ్ళీ ఎక్కించినాడు, గుర్రం కింద ఖాళీ గది వచ్చేలా. నొప్పితో పళ్ళు కటకటలాడుతున్నాయి అతనికి. చెమట, రక్తం కలిసి బల్ల మీద పడుతున్నాయి. ఒంటిగంటన్నర దాటి అయిదు నిమిషాలైంది.

అంతసేపూ షట్టర్ కన్నంలోంచి సందులోకి చూస్తున్నవాడు అప్పుడు వెనక్కి తిరిగినాడు. పళ్ళెంలో ఒక తూటా చూసినాడు. లోపలివన్నీ తీసేసినాడనుకున్నాడో ఏమో.

"ఆర్ ఆఛే?" అన్నాడు. ఇంకా ఉన్నాయా అని.

"ఆరు నేయ్" అన్నాడు చిన్నాన్న.

అది చిన్నాన్న రోజూ అడిగే ప్రశ్నే, రోజూ వినే జవాబే. వాడికేమో ఇంక లేవని వినిపించింది. చిన్నాన్న చెప్పింది ఆరు లేవని, అంటే అయిదున్నాయని. నాకు కూడా అప్పుడు తట్టలేదు, ప్రభువు సాక్షి.

వాడు రివాల్వర్ తీసుకుని నా దగ్గరికొచ్చినాడు. "దీదీ, నువ్వు లైసెన్సు అడిగినావు కదా" అని నవ్వి, ఖాళీదే కదా అని మూతి నా నుదుటికి ఆనించి, బొటనవేలితో గుర్రం లాగినాడు. చక్రం తిరిగిన చప్పుడైంది. ఆ చప్పుడుకి చిన్నాన్నకి సంగతి తట్టింది. "మూతి గోడకి!" అని గావుకేక పెట్టి, కౌంటర్ మీంచి దూకి, వాడి మణికట్టు మీద రెండు చేతులతో కొట్టినాడు. చెయ్యి కిందికి పోయింది, వేలు మీట మీద బిగిసింది, పేలింది. ఆ ఇరుకు గదిలో ఆ మోతకి నా చెవులు మూసుకుపోయినాయి. వాడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూర్చున్నాడు. తొడ లోపలివైపు. రక్తం కారడం కాదు, ఎగజిమ్మింది.

చిన్నాన్న తుండుగుడ్డ గాయంలో కుక్కి రెండు చేతులతో నొక్కినాడు. "బేగి రా! ఇక్కడ నొక్కు! నాను ఆటో తెస్తాను" అన్నాడు. నేను కదల్లేదు. చావనీ అనుకున్నాను, గట్టిగానే అన్నాను. "చావనీ చిన్నాన్నా!" అతను లేచొచ్చి నా చీలిన పెదవి మీదే కొట్టినాడు. "మనిషే! మనిషే!" అన్నాడు. నన్ను భుజాలు పట్టి ఈడ్చి కూర్చోబెట్టి, నా చేతులు ఆ గుడ్డ మీద పెట్టి, షట్టర్ పైకెత్తి పరిగెత్తినాడు.

నొక్కినాను. అబద్ధమెందుకు, గట్టిగానే నొక్కినాను. రక్తం తగ్గింది కూడా. వాడి మొహం తెల్లబడిపోయింది. మా తమ్ముడికంటే చిన్నవాడు. "దీదీ, ఛేడో నా" అన్నాడు. వదలొద్దు అక్కా అని. మళ్ళీ అన్నాడు. నేను గడియారం చూసినాను. రెండుకి పావుగంటుంది. వీడు బతుకుతాడు, ఆస్పత్రి నుంచి వస్తాడు, జైలుకెళ్ళినా వస్తాడు, ఇంకో రివాల్వర్ పట్టుకుని మా తమ్ముడి వీపు వెనక నిలబడతాడు. ఇదే తిరిగింది నా బుర్రలో. ఇంకేమీ లేదు. దేవుడూ లేడు. చేతులు తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. వాడు నా కేసి చూస్తూనే ఉన్నాడు.

చిన్నాన్న వచ్చేసరికి గచ్చంతా రక్తం. "సెయ్యి జారిపోనాదా?" అన్నాడు.

"జారిపోయింది" అన్నాను.

అతను మోకాళ్ళ మీద కూలబడి, నలిగిన వేలుతో సహా రెండు చేతులూ ఆ గాయం మీద వేసి నొక్కినాడు. ఆటోలో తీసుకెళ్తుంటే దారిలోనే వాడి ప్రాణం పోయింది. మా తమ్ముడు షిఫ్ట్ దిగి బస్సెక్కి ఇంటికొచ్చి పప్పన్నం తిని పడుకున్నాడు.

పోలీసులు అడిగితే, మొదట్నించీ నొక్కింది నానే, గుంట సొమ్మసిల్లిపోనాది అని చెప్పినాడు చిన్నాన్న. తుపాకీ దొంగది, మీట మీద వేలు వాడిదే, కొన్నాళ్ళకి కేసు మూసేసినారు.

ఆ తర్వాత అతను బల్ల ముట్టుకోలేదు. వేలు తీసేసినారు. రోజూ పొద్దున్నే టీకొట్టు దగ్గర కూర్చుని, వచ్చినవాడికల్లా ఆ కథ చెప్పడం మొదలెట్టినాడు. మంగలి షాపులో చెప్పినాడు, పెన్షన్ లైన్‌లో చెప్పినాడు. "వోడు ఆర్ ఆఛే అన్నాడు, నాను ఆరు నేయ్ అన్నాను. నా నోట్లోని తెలుగు ఒక పేణాన్ని తినేసినాది" అనేవాడు, గుండె మీద కొట్టుకుంటూ. విన్నవాళ్ళు అయ్యో అనేవాళ్ళు, కొందరు చాటుగా నవ్వేవాళ్ళు. ఎవడైనా "మరి ఆ షాపులో ఆడమనిషి ఏటి సేసినాది?" అంటే, "గుంట సొమ్మసిల్లిపోనాది" అని మళ్ళీ మొదట్నించీ ఎత్తుకునేవాడు. ఒకసారి నేను బజారు సంచితో ఆ పక్కగా వెళ్తూ విన్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. ఒక్క మాట చెప్పేస్తే ఆ ముసలాడి గుండె తేలికపడేది. నీ మాట కాదు చిన్నాన్నా, నా చేతులు అంటే సరిపోయేది. చెప్పలేదు. ఏడేళ్ళు చెప్పలేదు. పిరికిదాన్ని, సిగ్గులేనిదాన్ని.

మొన్న శనివారం వెళ్ళినాను. ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టి ఉంది. వంకర ముక్కుకి అది సరిగ్గా ఆనడం లేదు. అతని కోడలు టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. మంచం పట్టె మీద కూర్చుని ఒక్క ముక్కలో అనేసినాను.

"నా చెయ్యి జారలేదు చిన్నాన్నా. తీసినాను."

అతను పైకప్పు కేసి చూస్తున్నాడు. "ఎరికే" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"గుమ్మంలో ఉన్నాను కదే. నువ్వు సేతులు తియ్యడం సూసినాను."

"మరి ఊరంతా నీ మాటే చంపిందని చెప్పుకుంటూ తిరిగినావేటి? ఏడేళ్ళు?"

"అలగ సెప్తే అందరూ నాకేసి సూస్తారు. నీకేసి సూడరు" అన్నాడు.

నేను ఏడుస్తుంటే విసుక్కున్నాడు. చేత్తో నా తల మీద చిన్నగా మొట్టినాడు, ఆ నాలుగు వేళ్ళ చేత్తో. లోపల స్టవ్ చప్పుడు వినపడుతోంది.

"గుమ్మంలో ఉంటే మరి లోపలికి రాలేదేం చిన్నాన్నా?" అన్నాను.

"రాలేదు" అన్నాడు. "ఎనక్కి ఎల్లినాను. దో మినిట్ రుకో అన్నాను ఆటోవోడితో."